సీసాలోని చీటీగారికి విన్నపం

మహారాజశ్రీ చీటీగారి సముఖానికి, పర్లాకిమిడిలో పురుగుల సీసాలు తుడుచుకొని బతికేవాడు రాసుకొన్న విన్నపం.

తమరు బీరువా రెండో అరలో, ఆల్కహాలులో మునిగి, "పచ్చదోమ పిల్ల, వరి" అని ఏళ్ల తరబడి సెలవిస్తున్నారు. ఏ పొలంలో పట్టారో, ఏ సంవత్సరమో, ఎవరు నిర్ణయించారో చెప్పడం తమ హోదాకు తగదనుకొన్నారు కాబోలు. ఆ ద్రవంలో పురుగు రంగు వెలిసిపోతుంది గనుక, "పచ్చ" అన్నది చూసి అన్నారో ఊహించి అన్నారో ఆ పెరుమాళ్లకే ఎరుక.

మొన్న భూతద్దం కింద పెడితే, వెనక కాలి పిక్క చివర, పాదం మొదలయ్యే చోట, ఒక పెద్ద ముల్లు కనిపించింది. సూదిమొనతో తాకితే కదిలింది. పచ్చదోమకు పిక్క పొడుగునా ముళ్ల వరుసలుంటాయి గాని ఇలా కదిలే ముల్లుండదు. మీసాలు సైతం కళ్ల కిందుగా, రెండో కణుపు బొద్దుగా ఉబ్బి ఉన్నాయి. ఇది సుడిదోమల కుటుంబమైన డెల్ఫాసిడేకు చెందిన పిల్ల అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? తమరిని చూసి నేర్చుకొన్న కుర్రవాళ్లు ఆకులు తిరగేసి, పచ్చదోమ మోసుకొచ్చే తుంగ్రో తెగులు వస్తుందేమోనని బెంగపడతారే తప్ప, దుబ్బు విడదీసి నీటి అంచున సుడిదోమ చేరే మొదలు చూడరు; ఈలోగా చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. పక్క సీసాలోని తమ సోదరులైతే, తోకన మైనపు కుచ్చున్న పిల్లను "పిండినల్లి" అన్నారు. పట్టబోతే ఎగిరి దూకే పిండినల్లిని నేను చూడలేదు.

తమ స్థానంలో "గోధుమరంగు సుడిదోమ" అని రాయబోయి చేయి ఆపుకొన్నాను. జాతుల్ని విడదీసే ఆధారాలు చాలావరకు పెద్ద మగ పురుగుల జననాంగాల్లో ఉంటాయి; అయిదు దశల పిల్లతనంలో అవి ఏర్పడవు. నిశ్చయం కావాలంటే బతికున్న పిల్లను వరి మొక్క మీద పెంచి, రెక్కలొచ్చాక చూడాలి. తమ సీసాలో ఆ అవకాశం లేదు.

పేరు మారడం అవమానమని నొచ్చుకోకండి. 1854లో స్టాల్ అనే స్వీడన్ కీటక శాస్త్రవేత్త డెల్ఫాక్స్ అన్న ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, చేర్చిన ఆ గోధుమరంగు సుడిదోమే నేడు నీలపర్వత అన్న ప్రజాతిలో ఉంది. మా మహేంద్రగిరికి తమ్ముడి పేరులా లేదూ!

తమరిని పారవేయను. కొత్త చీటీ పక్కనే అదే సీసాలో ఉంటారు. దాని మీద "డెల్ఫాసిడే కుటుంబం, పిల్ల, జాతి తేలలేదు" అని తేదీతో సహా పెన్సిలుతో రాశాను, సిరా ఆల్కహాలులో కరుగుతుంది గనుక. తమ అక్షరాలు ఇప్పటికే అలుక్కుపోయి, కొన్నాళ్లకు "పిల్ల" అన్న మాటే మిగిలేలా ఉంది. అదొక్కటి తమరు మొదటినుంచీ సరిగ్గానే చెప్పారు.