ముందు ప్లాటు, తర్వాత చట్టం

మన దేశానికి భూవిధానం లేదని వాపోయే మేధావులు ఒక్క ఆదివారం వెంచర్ బస్సెక్కి హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి వైపు వెళ్లి రావాలి. నేను వెళ్లొచ్చాను. బస్సు ఫ్రీ, బిర్యానీ ఫ్రీ. పత్తి చేలో సున్నం కొట్టిన రాళ్లు, వాటి మీద ఎర్ర రంగుతో నెంబర్లు. ముళ్లకంప ముందు "60 అడుగుల రోడ్డు" అని బోర్డు. బోర్డు వచ్చిందంటే సగం రోడ్డు వచ్చినట్టే.

"పర్మిషన్ ప్రాసెస్‌లో ఉంది సార్. వచ్చాక ఈ రేటుకి నేనే కొనలేను" అన్నాడు ఏజెంటు.

ఢిల్లీ ఫైళ్లన్నీ తిరగేసినా ఇంత స్పష్టమైన విధానం దొరకదు. ముందు జనం వస్తారు, తర్వాత ఇళ్లు లేస్తాయి, అన్నీ అయ్యాక చట్టం చెప్పులు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. 1976లో పట్టణ భూపరిమితి చట్టం తెచ్చారు, నగరాల్లో మిగులు భూమి తీసి పేదలకు ఇళ్లు కట్టాలని. పేదలు వచ్చారు, మినహాయింపులూ వచ్చాయి. మిగులు భూమి మాత్రం కొసరంతే చేతికొచ్చింది. 1999లో కేంద్రం ఆ చట్టానికి దండేసి దండం పెట్టింది. తెలంగాణలో 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ అనగానే దాదాపు 25 లక్షల దరఖాస్తులు. ఒక్కడు చేస్తే అక్రమం, 25 లక్షల మంది చేస్తే క్రమం!

1908 మూసీ వరద చూసి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల కోసం 1996లో 111 జీవో ఇచ్చి, 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేశారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. కాపీ వానదేవుడికి పంపారో లేదో తెలీదు.

2013 భూసేకరణ చట్టం మాత్రం ఉదారమైనది. పల్లెల్లో మార్కెట్ విలువకు నాలుగు రెట్ల దాకా పరిహారం. మార్కెట్ విలువ అంటే? చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్న ధర. మా మేనమామ ఊళ్లో స్టాంపు డ్యూటీ కలిసొస్తుందని ఏళ్ల తరబడి అందరూ అసలు ధరలో మూడో వంతే రాయించుకున్నారు. రోడ్డుకు భూమి పోయే రోజున అధికారులు ఆ కాగితాలే బయటికి తీశారు.

"అబద్ధం రాసింది మేమేరా, కానీ ప్రభుత్వం దాన్ని నమ్ముతుందనుకోలేదు" అంటాడు మామ, ఇప్పటికీ.

ఇంతకీ నేను ప్లాటు కొన్నాను. 214 నెంబరు. మొన్న చూసుకుందామని వెళ్తే, నా హద్దురాయికి తాడు కట్టి నీలం పట్టా గుడిసె వేసి ఉంది. అక్కడే రోడ్డు పనికి వచ్చిన పాలమూరు మనిషి. సొంతూళ్లో ఎకరన్నర ఉందట, బోరులో నీళ్లే లేవట.

"పని అయ్యేదాంక ఉండనియ్యి సారూ" అన్నాడు. "పర్మిషన్ ఉందా?" అని అడగబోయి, ఊరుకున్నాను. నాదీ ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది.