కారు రిమోట్ మొరాయిస్తే గాలికి పూచీ ఎవరిది?

కారు రిమోట్ పనిచేయడం లేదని విజయవాడలో ఎవరికి చెప్పినా మొదట వచ్చే మాట ఒక్కటే: "బ్యాటరీ అయిపోయి ఉంటుందండీ." ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ అదే అంటాడు, షోరూమ్ సర్వీస్ అడ్వైజర్ అదే అంటాడు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా అదే అంటాడు. చాలాసార్లు అది నిజమే. రూపాయి బిళ్లంత ఉండే సీఆర్ 2032 సెల్ మార్చగానే కారు బుద్ధిగా తలుపు తీస్తుంది. చిక్కంతా మార్చినా తీయనప్పుడే. అప్పుడు రిమోట్ మార్చమంటారు. అదీ మార్చాక కూడా అంతే అయితే లోపల కంట్రోల్ యూనిట్ చూడాలంటారు. బిల్లు వందల్లోంచి వేలల్లోకి పాకుతుంది. ఈలోగా ఏదో ఒకరోజు రిమోట్ దానంతట అదే పనిచేయడం మొదలుపెడుతుంది. ఆఖరున ఎవరి చేయి పడితే వాళ్లకు మంచి మెకానిక్ అన్న పేరు దక్కుతుంది.

ఈ తతంగం మొత్తంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. బండి ఎక్కడ పెట్టినప్పుడు మొరాయించింది? అదే బండి, అదే రిమోట్ రెండు వీధుల అవతల పనిచేశాయా? పనిచేస్తే లోపం రిమోట్‌లోనూ లేదు, బండిలోనూ లేదు. రెండింటి మధ్య ఉన్న గాలిలో ఉంది. ఆ గాలికి పూచీ ఎవరూ తీసుకోరు కాబట్టి ఖర్చు మాత్రం బండి యజమాని మీద పడుతోంది. నా ఫిర్యాదల్లా ఇదే.

ఆ మధ్య గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రులున్న సందులో, గోడ వారగా ఆపిన ఒక కారు దగ్గర చిన్న గుంపు కనిపించింది. పేషెంటు పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. అల్లుడు కాబోలు, రిమోట్‌ని డోర్ హ్యాండిల్‌కి ఆనించి నొక్కుతున్నాడు, గడ్డం కింద పెట్టుకుని నొక్కుతున్నాడు. (నవ్వకండి, గడ్డం కింద పెడితే రేంజ్ కాస్త పెరుగుతుంది. తలకాయ కూడా ఓ మోస్తరు యాంటెన్నాయే.) చివరికి రిమోట్‌లో దాగి ఉన్న ఇనప తాళంచెవి లాగి తలుపు తీశాడు. తీయగానే అలారం అందుకుంది. ఆసుపత్రి సందులో అలారం అంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పార్కింగ్ కుర్రాడు తాపీగా వచ్చి, "ఆ గోడ పక్కన పెడితే అంతే సార్, అందరికీ అంతే. అవతల పక్క పెట్టుకోవాల్సింది" అన్నాడు. సర్వీస్ సెంటర్ కంప్యూటర్ చెప్పలేని రోగం పేరు ఆ కుర్రాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు.

మన దేశంలో తిరిగే కార్లలో చాలావాటి రిమోట్లు 433.92 మెగాహెర్ట్జ్ అనే రేడియో ఫ్రీక్వెన్సీ దగ్గర మాట్లాడతాయి. అమెరికా, జపాన్‌లలో 315 మెగాహెర్ట్జ్ వాడకం ఎక్కువ. బొత్తాం నొక్కితే సెకనులో చిన్న ముక్క సేపు ఒక కోడ్ గాల్లోకి పోతుంది. రిమోట్ పంపే శక్తే మిల్లీవాట్ల లెక్క. అది కారు దాకా చేరేసరికి మిగిలేది బహు స్వల్పం. ఊరేగింపులో డీజే బండి పక్కన నిలబడి చెవిలో రహస్యం చెప్పడం లాంటిదే ఇదీ. చెప్పేవాడి గొంతు బాగానే ఉంది, వినేవాడి చెవీ బాగానే ఉంది, మాట మాత్రం చేరదు.

దీనికి తోడు చాలా రిమోట్లు కోడ్ చెప్పే పద్ధతి మరీ అమాయకమైనది. తరంగం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. అలా వెలిగిస్తూ ఆర్పుతూ కోడ్ పంపుతాయి. పక్కింట్లో ఏదో పరికరం పాడై అదే ఫ్రీక్వెన్సీలో ఆగకుండా తరంగం వదులుతోందనుకోండి. ఇక కారుకి సున్నాలన్నవే కనిపించవు, అన్నీ ఒకట్లే. ఆ పరికరం కోడ్‌ని దొంగిలించనక్కర్లేదు, ఏ దురుద్దేశమూ ఉండక్కర్లేదు. ఊరికే ఆన్‌లో ఉంటే చాలు.

జేబులో ఉంటే చాలు, బొత్తాం కూడా నొక్కక్కర్లేదనే స్మార్ట్ కీల సంగతి ఇంకో మెలిక. వాటిలో కారు ముందు 125 కిలోహెర్ట్జ్ దగ్గర పిలుస్తుంది, కీ విని 433 దగ్గర జవాబిస్తుంది. రెండిట్లో ఏది చెడినా తలుపు రాదు. అందులో మొదటిదాన్ని చెడగొట్టేది ఒక్కోసారి కారే. ఫోన్ల వైర్‌లెస్ ఛార్జింగ్ పనిచేసేది సుమారు 100 నుంచి 205 కిలోహెర్ట్జ్ మధ్య. గేర్ ముందు ఉన్న ఛార్జింగ్ ప్యాడ్ మీద ఫోనూ కీ కలిపి పడేస్తే, కీ కళ్లెదురుగా ఉన్నా "కీ కనబడలేదు" అని స్క్రీన్ మీద వస్తుంది.

పని చేయడం లేదని పదేపదే నొక్కుతూ కూర్చోవడం కూడా అంత మంచిది కాదు. ప్రతి నొక్కుకీ కోడ్ మారుతుంది. కారుకి వినబడకపోయినా రిమోట్ తన లెక్క తాను ముందుకు జరుపుకుంటూ పోతుంది. ఇలా కోడ్ మార్చే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్న కీలాక్‌లో మామూలుగా 16 నొక్కుల తేడా దాకా కారు సర్దుకుంటుంది. అది దాటితే వరసగా రెండుసార్లు వినబడితేనే మళ్లీ నమ్ముతుంది. ఏడుస్తున్న పిల్లాడి చేతికి కారు రిమోట్ ఇచ్చే తాతయ్యలు ఇది గమనించాలి.

మరి గాలిని చెడగొట్టేదెవరు? ఊళ్లో అందరి వేలూ ముందు సెల్ టవర్ వైపే చూపిస్తుంది. పిచ్చుకలు పోయినా, తలనొప్పి వచ్చినా, రిమోట్ పోయినా టవరే. కానీ మన దగ్గర ఇవాళ నడుస్తున్న 4జీ, 5జీ సేవలన్నీ 700 మెగాహెర్ట్జ్, ఆపైన ఉన్నవే. 433 ఛాయల్లో ఏ మొబైల్ కంపెనీకీ పనిలేదు. ఇంకొందరు ఆకాశవాణి అంటారు. విజయవాడ కేంద్రం మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. మన రిమోట్‌కీ దానికీ అయిదువందల రెట్ల దూరం.

వీఐపీ కాన్వాయ్ వల్ల రిమోట్లు ఆగుతాయన్న మాటలో మాత్రం నిజముంది. ఉండవల్లి కరకట్ట మీదో, బెంజ్ సర్కిల్ దగ్గరో వీఐపీ కాన్వాయ్ దాటేటప్పుడు ఫోన్లు తడబడటం ఇక్కడి వాళ్లకు అలవాటే. అందులో వైర్‌లెస్ సిగ్నళ్లను ముంచేసే జామర్ వాహనం ఉండేది రిమోట్‌తో పేల్చే బాంబుల్ని ఆపడానికి. అలాంటి బాంబులకు కారు రిమోట్ తరహా వైర్‌లెస్‌నే వాడతారు కాబట్టి, ఆ నిమిషం మన రిమోట్ కూడా మూగబోతే ఆశ్చర్యం లేదు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద క్లేమోర్ మైన్ల దాడి చూసిన రాష్ట్రం ఇది. జామర్ ఎందుకని ఇక్కడెవరూ అడగరు. కాకపోతే కాన్వాయ్ వారధి దాటి మంగళగిరి చేరాక కూడా మీ కారు తలుపు రాకపోతే నెపం ముఖ్యమంత్రి మీద వేయడం న్యాయం కాదు.

అసలు అనుమానించాల్సినవి చాలా చిన్న వస్తువులు. వైర్‌లెస్ కాలింగ్ బెల్, గేటు రిమోట్, కొట్టు షట్టర్ రిమోట్, హాల్లో లైట్లు ఆర్పే రిమోట్ లాంటివాటిలో చాలా భాగం బతికేది ఈ 433 లోనే. ఇంజినీరింగ్ కుర్రాళ్లు ప్రాజెక్టు కోసం కొనే చవక ట్రాన్స్‌మిటర్ ముక్కలదీ అదే ఫ్రీక్వెన్సీ. మంచిగా ఉన్నంతకాలం ఇవన్నీ నొక్కినప్పుడు ఓ క్షణం పలికి ఊరుకుంటాయి. వానకు తడిసి స్విచ్ లోపలికి అతుక్కుపోయిన కాలింగ్ బెల్, సామాన్ల కింద బొత్తాం నొక్కుకుపోయిన గేటు రిమోట్ మాత్రం రాత్రింబవళ్లు అరుస్తూనే ఉంటాయి. మనకు వినబడవు, కారుకే వినబడతాయి. నాసిరకం ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లు, కారు సాకెట్‌లో పెట్టే చవక ఛార్జర్లు, డాష్‌క్యామ్‌లు వదిలే రేడియో మురికి కూడా వీటికి తోడు.

ఇదంతా ఊహ అనుకునేవాళ్లకు అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర నార్త్ ఓమ్‌స్టెడ్ అనే ఊరి కథ ఉంది. 2019లో అక్కడ ఒక పేటలో వారాల తరబడి కారు రిమోట్లు, గ్యారేజీ తలుపులు పనిచేయలేదు. కరెంటు కంపెనీ, ఫోన్ కంపెనీ వాళ్లు వచ్చి వెతికారు. తీరా చూస్తే ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్న ఒకాయన, తాను కింద గదిలో పనిచేసుకుంటుంటే పైన ఎవరైనా ఉన్నారో లేదో తెలియడానికి సొంతంగా చేసుకున్న పరికరం అది. బ్యాటరీతో నడుస్తూ 315 మెగాహెర్ట్జ్‌లో ఆగకుండా తరంగం వదులుతోంది. పేట మొత్తాన్ని ఆపేశానని ఆయనకే తెలియదు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఇందులోంచి పట్టుకోవాల్సింది ఆ బ్యాటరీ మాట. సెల్లార్‌లో రిమోట్లు పనిచేయకపోతే ఫ్లోర్ ఫ్లోర్‌కీ మెయిన్ ఆపి చూడటం మంచి పద్ధతే, కానీ బ్యాటరీతో నడిచే బెల్ దానికి లొంగదు. అలాంటిదాన్ని పట్టడానికి హామ్ రేడియో వాళ్లను, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియో నడిపేవాళ్లను, పిలవడం మేలు. దాక్కున్న ట్రాన్స్‌మిటర్‌ని యాంటెన్నా పట్టుకుని వెతకడం వాళ్లకు సరదా పోటీ. పైగా మన దేశంలో వాళ్లకిచ్చిన ఒక బ్యాండ్ 434 నుంచి 438 మెగాహెర్ట్జ్, అంటే మన రిమోట్‌కి పక్కిల్లే.

ఇక చట్టం. 433 నుంచి 434 మెగాహెర్ట్జ్ మధ్య 10 మిల్లీవాట్లకు మించని పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు. అందుకే కాలింగ్ బెల్ అంత చవక. కానీ ఆ వెసులుబాటుకు ఓ షరతుంది: ఇది అందరికీ ఉమ్మడి, ఇక్కడ నువ్వు ఇంకొకరికి అడ్డురాకూడదు, నీకు ఎవరైనా అడ్డొస్తే రక్షణ అడక్కూడదు. విమానాశ్రయానికో మొబైల్ కంపెనీకో ఇలాంటి రేడియో అడ్డంకి, అంటే జోక్యం, ఎదురైతే టెలికాం శాఖ కింద ఉన్న వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ కదులుతుంది. వాళ్లది లైసెన్సున్న హక్కు. పది, పదిహేను లక్షలు పోసి కొన్న కారు తాళం మాత్రం హక్కే లేని చోట బతుకుతోంది. ఈ ముక్క ఏ బ్రోచర్‌లోనూ కనిపించదు.

షరతు అలా ఉందని చేతులు కట్టుకోవాల్సిన పనీ లేదు. నాకు రక్షణ హక్కు లేకపోవచ్చు, కానీ శక్తి పరిమితి దాటిన పరికరం, అనుమతి లేకుండా దిగిన పరికరం ఎలాగూ చట్టవిరుద్ధమే. వైర్‌లెస్ పరికరం ఏదైనా ఇక్కడ అమ్మాలంటే టెలికాం శాఖ వారి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ అనే అనుమతి ఉండాలి. చిన్న పరికరాలకు అది స్వీయ ప్రకటన మీదే వచ్చేస్తుంది. ఆన్‌లైన్‌లో వచ్చే మూడొందల రూపాయల బెల్ డబ్బా మీద ఆ అనుమతి నంబరు ఉందో లేదో చూసేవాడెవడు? తలుచుకుంటే ప్రభుత్వం చూడగలదని 2025లో తేలింది. అనుమతి లేని వాకీటాకీలు అమ్ముతున్నారని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ ఏడాది ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులిచ్చింది, తర్వాత మార్గదర్శకాలూ తెచ్చింది. ఆ చూపు కాలింగ్ బెల్లు, గేటు రిమోట్ల మీద కూడా పడాలి.

జోక్యం పొరపాటున జరిగితే విసుగు, కావాలని జరిగితే దొంగతనం. యజమాని లాక్ నొక్కి నడిచిపోయే క్షణంలో దొంగ పక్కన నిలబడి అదే ఫ్రీక్వెన్సీని ముంచేస్తే కారు తాళమే పడదు. దక్షిణాఫ్రికా పార్కింగ్ స్థలాల్లో ఇది పేరుమోసిన పద్ధతి. సామీ కామ్‌కార్ అనే భద్రతా పరిశోధకుడు 2015లో ఇంకో అడుగు వేసి, జామ్ చేస్తూనే కోడ్‌ని పట్టి దాచుకునే పరికరాన్ని చూపించాడు. దాని ఖర్చు సుమారు 30 డాలర్లు. అనుమతి లేకుండా జామర్ అమ్మడం, వాడటం మన దేశంలో నేరం. 2022లో టెలికాం శాఖ మళ్లీ హెచ్చరించింది కూడా. అయినా మనలో చాలామందిమి బీసెంట్ రోడ్డు రద్దీలో వెనక్కి తిరిగి చూడకుండా భుజం మీదుగా రిమోట్ నొక్కి నడిచిపోతాం. ఇండికేటర్లు వెలిగాయా, అద్దాలు ముడుచుకున్నాయా చూడాలి. అనుమానముంటే హ్యాండిల్ లాగి చూడాలి. బీప్‌ని నమ్మితే ప్రమాదం, పక్క కారుదీ అదే బీప్.

కంపెనీల వంతుకొస్తే, నాకు కోపం తెప్పించేది దాపరికం. తలుపుకి తాళం రంధ్రం అసహ్యంగా ఉంటుందని కొన్ని మోడళ్లలో దాన్ని హ్యాండిల్ కింద మూత వెనక దాచేశారు. సెల్ పూర్తిగా అయిపోయినా స్మార్ట్ కీని స్టార్ట్ బటన్‌కి ఆనిస్తే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి. కీలోని చిప్ సెల్ లేకుండానే పలుకుతుంది, అంత దగ్గర్లో బయటి రొద కూడా అడ్డురాదు. ఈ సంగతి మాన్యువల్‌లో ఎక్కడో ఉంటుంది. డెలివరీ రోజు సన్‌రూఫ్ ఎలా తెరవాలో, పాటలు ఎలా పెట్టాలో అరగంట చూపిస్తారు. ఫొటో తీస్తారు, స్వీట్ బాక్స్ ఇస్తారు. అక్కణ్నుంచి బండి నేరుగా దుర్గమ్మ గుడికి పూజకు పోతుంది, చక్రాల కింద నిమ్మకాయలు నలుగుతాయి. ఇనప తాళంచెవి రిమోట్‌లో ఎటువైపు ఉందో మాత్రం ఎవరూ చెప్పరు.

డెలివరీ కాగితాల మీద సంతకం పెట్టేముందే అడగండి. రిమోట్ పక్కన పెట్టేసి ఇనప తాళంతో తలుపు తీసి, బండి స్టార్ట్ చేసి చూపించమనండి. అలా తీస్తే అలారం మోగుతుందా, మోగితే ఎలా ఆపాలో కూడా అప్పుడే చేయించి చూడండి.