చెల్లుకు చెల్లు కాని లెక్క

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం గోపాలపట్నం పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురం ఊరు ఊరంతా నిద్రలో ఉండగా, ఎల్జీ పాలిమర్స్ ప్లాస్టిక్ కర్మాగారం ట్యాంకులోంచి లేచిన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఇళ్ల మీదికి కమ్ముకొచ్చింది. కళ్లు మండి, ఊపిరాడక, పిల్లల్ని భుజాన వేసుకొని చీకట్లో ఎటు పరుగెత్తాలో తెలియక జనం దారిలోనే కుప్పకూలిపోయారు. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కర్మాగారంలో ప్రధాన గేటు దగ్గరతో కలిపి 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉండి కూడా ఆ వేళ దాన్ని వాడలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ తేల్చింది. ఉత్పత్తి సామర్థ్యానికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని 2019 మేలో కంపెనీయే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ఆ తర్వాత కూడా ఏడాదిపాటు పని ఆగలేదు. లాక్‌డౌన్ వచ్చాకే ఆగింది.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) అనే మాట వినబడ్డప్పుడల్లా నాకు మోగని ఆ సైరన్లే గుర్తొస్తాయి, ఎందుకంటే ఆ మాటకు మన చట్టం ఇచ్చిన అర్థంలో సైరన్‌కు చోటే లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, ఐదు కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఇది అందరికీ తెలిసిందే. 2021 జనవరిలో సవరించిన రూల్స్ ఏది సీఎస్ఆర్ కాదో చెప్పే తీరును మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సీఎస్ఆర్ కాదు, సొంత ఉద్యోగులకు మేలు చేసేది కాదు, మరో చట్టం కింద ఎలాగూ చేయవలసినది కూడా కాదు. విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు పట్టగలిగింది కాదు. కార్మికుడికి హెల్మెట్ కొనిచ్చి దాన్ని దానం పద్దులో రాసుకోకూడదు కదా. కానీ మూడింటినీ కలిపి చదివితే తేలేది ఒక్కటే. లాభం ఎలా సంపాదించారన్న ప్రశ్నతో ఏ సంబంధమూ లేనిదే సామాజిక బాధ్యత. గేటు లోపల జరిగేది వ్యాపారం, గేటు బయట పంచేది బాధ్యత. స్టైరీన్ మాత్రం గేటు దగ్గర ఆగలేదు.

జాన్ రగ్గీ రూపొందించగా 2011 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఏకగ్రీవంగా ఆమోదించిన ‘వ్యాపారం, మానవ హక్కుల’ మార్గదర్శక సూత్రాలు ఈ లెక్కను తలకిందులు చేశాయి. ప్రజల హక్కుల్ని కాపాడే పూచీ రాజ్యానిది, వాటికి భంగం కలిగించకుండా నడుచుకునే బాధ్యత కంపెనీది, భంగం కలిగినప్పుడు బాధితుడికి పరిహార మార్గం ఉండి తీరాలి. అందులో పదకొండో సూత్రానికి రాసిన వ్యాఖ్య మరీ సూటిగా ఉంటుంది: కంపెనీ చేసే ఇతర మంచి పనులు, హక్కుల్ని గౌరవించడంలో అది చేసిన తప్పుకు చెల్లు కావు. మన ఊళ్లలో ఇచ్చిపుచ్చుకోవడాలు తేలిపోతే ‘చెల్లుకు చెల్లు’ అంటాం. ఇక్కడ ఆ మాట చెల్లదు.

ఏ పారిశ్రామికవాడ పక్క పల్లెకైనా వెళ్లి చూడండి. బస్టాండు దగ్గర నీలిరంగు రేకుల షెడ్డు, లోపల నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, బయట ఇరవై లీటర్ల క్యాన్ల వరస, పైన కంపెనీ పేరూ గుర్తూ ఉన్న బోర్డు, ప్రారంభించిన నాయకుడి పేరు చెక్కిన శిలాఫలకం. ఆ ఊరి బోరు నీళ్లు ఎందుకు తాగడానికి పనికిరాకుండా పోయాయో చెప్పే ఫలకం ఎక్కడా కనిపించదు. పటాన్‌చెరు చుట్టుపక్కల, ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన నక్కవాగు ఒడ్డున సేద్యం చేసిన రైతులు దశాబ్దాలపాటు కోర్టుల చుట్టూ తిరిగింది ఆ ఫలకం కోసమే అనుకోవచ్చు.

శిక్షల్లోనూ ఈ తేడా ఉంది. ఖర్చు కాని సీఎస్ఆర్ సొమ్మును గడువులోగా నిర్దేశిత నిధికి బదిలీ చేయకపోతే, ఆ మొత్తానికి రెండింతలు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది కంపెనీ జరిమానా కట్టాలి. విశాఖ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 92వ సెక్షన్‌లో, భద్రతా నిబంధన మీరడం వల్ల మనిషి చనిపోతే కనీస జరిమానా 25 వేలు, గరిష్ఠం లక్ష. జైలు శిక్షా ఉంది; ప్రమాదకర ప్రక్రియలకైతే 96ఎ సెక్షన్ కింద ఏడేళ్ల వరకూ ఉంది. కానీ డబ్బు భాషలో మాట్లాడే సంస్థకు డబ్బు భాషలో చట్టం చెప్పింది ఇదే. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ కనీసాన్ని ఐదు లక్షలు చేసింది. ఇప్పటికీ మనిషి ప్రాణానికి కట్టవలసిన కనీసం కన్నా, దానం ఎగ్గొట్టినందుకు కట్టవలసి రాగల గరిష్ఠం ఇరవై రెట్లు.

రెండు శాతం సొమ్ము లేకపోతే ఎన్నో సర్కారు బడుల్లో బల్లలు ఉండేవి కావని, మానవ హక్కుల తనిఖీ అంటూ మొదలుపెడితే చిన్న సంస్థలు కాగితాల కింద నలిగిపోతాయని వాదించేవారున్నారు. మొదటి మాట నిజమే, బల్లలు వద్దనడం లేదు. రెండో దానికి జవాబు మన సుప్రీంకోర్టు 1986లోనే, ఢిల్లీ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకైన శ్రీరామ్ ఓలియం గ్యాస్ కేసులో చెప్పింది: ప్రమాదకరమైన వ్యాపారంతో లాభపడేవాడు దాని హానికి పూర్తి పూచీ వహించాలి, ఆ పూచీకి మినహాయింపులు లేవు.

అసలు తప్పు కంపెనీలది మాత్రమే అనుకుంటే రాజ్యాన్ని చాలా తేలిగ్గా వదిలేసినట్టు. వెంకటాపురంలో గ్యాస్ లీకైన నాలుగు నెలలకు, 2020 సెప్టెంబరులో, వ్యాపారం చేయడం ఎక్కడ ఎంత తేలికో చూసి కేంద్రం రాష్ట్రాలకిచ్చే సులభ వాణిజ్య ర్యాంకులు వెలువడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది మూడోది. ఆ ర్యాంకులు 2019 నాటి సంస్కరణలకు ఇచ్చినవని తెలుసు. అనుమతి లేదని కంపెనీ అఫిడవిట్ ఇచ్చినా యంత్రాంగం కదలని ఏడాది కూడా 2019యే. తనిఖీలు తగ్గించడం, సొంత ధ్రువీకరణతో సరిపెట్టడం ఘనతగా చెప్పుకునే పోటీలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఒకదాన్ని మించి ఒకటి పరుగెత్తాయి. కొత్త కోడ్‌లో తనిఖీ అధికారి పేరే ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’గా మారింది, అంటే ఇకమీదట ఆయన పట్టుకోవడమూ, చేయూతనివ్వడమూ రెండూ చేయాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా ఫార్మా కర్మాగారంలో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న తెలంగాణ పాశమైలారంలోని సిగాచీ ఫార్మా కర్మాగారంలో అంతకు దాదాపు మూడు రెట్ల ప్రాణాలు పోయాయి. రెండుసార్లూ మంత్రులు వెంటనే వచ్చారు, కోటి రూపాయల పరిహారం వెంటనే ప్రకటించారు. తనిఖీ అధికారి అంతకు ముందు ఎప్పుడు వచ్చి వెళ్లారో ప్రకటించే అలవాటు మనకు లేదు.

బాధ్యతాయుత వ్యాపారంపై 2019 మార్చిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో అయిదోది మానవ హక్కుల్ని గౌరవించమంటుంది, అదీ ఇష్టమైతేనే. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఈ బాధ్యతలపై కోరే నివేదిక తప్పనిసరే గానీ, అది స్టాక్ మార్కెట్లో నమోదైనవాటిలో మార్కెట్ విలువ ప్రకారం తొలి వెయ్యి కంపెనీలకు మాత్రమే. కొరియా మాతృసంస్థ చేతిలో ఉండి, ఇక్కడ లిస్టు కాని ఎల్జీ పాలిమర్స్ లాంటి అనుబంధ సంస్థ ఆ వలలో పడనే పడదు. సీఎస్ఆర్ నివేదికకు 2021 రూల్స్‌తో పాటు ఇచ్చిన నమూనా మాత్రం ప్రతి ప్రాజెక్టుకూ జిల్లా పేరు, ఖర్చయిన మొత్తం, ‘స్థానిక ప్రాంతమా: అవును/కాదు’ అన్న గడితో సహా, 2022లో మార్చేదాకా అడిగింది. ఆ నివేదికలోనే ఇంకో నాలుగు గడులు గీయడానికి పార్లమెంటు కూడా అక్కర్లేదు, కార్పొరేట్ వ్యవహారాల శాఖ నోటిఫికేషన్ చాలు: పర్యావరణ అనుమతి ఏ తేదీ వరకు ఉంది, కాంట్రాక్టు కార్మికులు ఎంతమంది, చివరి భద్రతా తనిఖీ ఎప్పుడు జరిగింది, సైరన్ చివరిసారి ఎప్పుడు మోగించి చూశారు.