జానకమ్మ ఏ రాష్ట్రానికి చెందాలి? చిత్తూరు తీర్పు

తెలుగువాళ్లకూ తమిళులకూ మధ్య ఏ తగాదా వచ్చినా తీర్పు చెప్పే అర్హత చిత్తూరువాళ్లకు తప్ప ఇంకెవరికీ లేదు. ఇది గొప్పలకు పోవడం కాదు, ప్రభుత్వ రికార్డు. 1911లో జిల్లా ఏర్పడే దాకా మా ఊరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. ఆ తర్వాత పటాస్కర్‌గారు ఆంధ్రప్రదేశ్‌కూ మద్రాసు రాష్ట్రానికీ మధ్యవర్తిగా వచ్చి మ్యాపు ముందేసుకుని గీత గీశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. పొద్దున తెలుగులో పోట్లాడుకుని రాత్రి ఇద్దరూ కలిసి తమిళ సినిమాకు పోయే జనం మేము. కాబట్టి షావుకారు జానకిగారు తెలుగు నటా, తమిళ నటా అన్న వివాదాన్ని మా జిల్లా తనంతట తానే విచారణకు స్వీకరించింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడక్కుండానే తీర్పు చెప్పడం ఇక్కడి మర్యాద.

పక్షపాతం ఉంటుందేమోనని ఎవరూ భయపడక్కర్లేదు. ఆవిడ పుట్టింది 1931లో రాజమండ్రిలో. మాకు చుట్టరికం లేదు, ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు.

వివాదం మొదలైంది 2022 జనవరిలో. పద్మ అవార్డుల జాబితా వచ్చింది. పద్మశ్రీల్లో జానకిగారి పేరుంది, పక్కన రాష్ట్రం గడిలో తమిళనాడు అని ఉంది. అంతే, బెల్లం మండీ దగ్గర టీ అంగట్లో రగడ మొదలైంది. రిటైరైన తెలుగు సారు ఒకాయన గ్లాసు బెంచీ మీద ఠక్కున పెట్టి, "చూస్తిరా! ఆయమ్మ మనామె గదా! షావుకారు సినిమా మనది గదా! ఎత్తుకుని పోయినారు గదరా!" అని లేచినాడు. తిరుత్తణి పోయినప్పుడు కూడా మా తాతలు అంత బాధపడి ఉండరు. టీ మాస్టరు పాలు తిరగపోస్తూనే, "అది సరే సార్, ఆయమ్మ సినిమా కడపటిగా ఏది చూసినారు మీరు?" అని అడిగినాడు. సారు కాస్త ఆలోచించి, "తిల్లు ముల్లు" అన్నాడు.

అది తమిళం. 1981 నాటిది. బెంచీ మీద ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే మిగతావాళ్లకు ఆ పేరు కూడా తట్టలేదు.

సరే, విచారణకొద్దాం. పటాస్కర్‌గారి సూత్రంలో గ్రామం యూనిట్. ఏ ఊళ్లో ఏ భాషవాళ్లు ఎక్కువో చూసి ఆ ఊరు ఆ రాష్ట్రానికి. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం, గ్రామం బదులు సినిమా యూనిట్. ముందు తెలుగు పక్షం ఫైలు తెరిచాం. 1950, విజయావారి మొదటి సినిమా 'షావుకారు', ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, పక్కన ఎన్.టి. రామారావు. అంతకుముందే మద్రాసు రేడియో నాటకాల్లో ఆవిడ గొంతు విని బి.ఎన్. రెడ్డిగారు సినిమాకు పిలిస్తే, ఇంట్లోవాళ్లు హడావుడిగా పెళ్లి చేసేశారు. సినిమా ప్రమాదం నుంచి ఆడపిల్లను కాపాడడానికి అప్పట్లో ఉన్న టీకా అదొక్కటే. టీకా పనిచేయలేదు. సంసారం గడవక, చంటిబిడ్డ తల్లిగా ఆవిడే వెళ్లి ఆ అవకాశం అడిగి తెచ్చుకున్నారు. ఈ సినిమా మన ఖాతాలోదే, ఇందులో తమిళ పక్షానికి కూడా అభ్యంతరం లేదు. ఆ సినిమా పేరును వాళ్లు డెబ్బై ఏళ్లుగా ఆవిడ పేరు ముందు మోస్తూనే ఉన్నారు.

తర్వాతి సాక్ష్యం 1955 నాటి 'రోజులు మారాయి'. నాయిక జానకి. మన ఊళ్లో ఆ సినిమా పేరెత్తి చూడండి, పదిమందిలో తొమ్మిదిమంది ఒక్క పాటలో వచ్చి వెళ్లిన వహీదా రెహమాన్ గురించి చెబుతారు. పదోవాడు ఆ పాట పాడతాడు. అదే ఏడాది 'కన్యాశుల్కం'. బుచ్చమ్మ వేషం జానకిది. మొత్తం కథకు కారణమైన కన్నీళ్లన్నీ బుచ్చమ్మవే అయినా, సినిమా అనగానే మనకు సావిత్రి మధురవాణి కళ్లముందు నిలబడుతుంది. సావిత్రిని కాదనే ధైర్యం ఈ కమిషన్‌కు లేదు. కానీ తెలుగు పక్షం తెచ్చిన ప్రతి సాక్ష్యంలోనూ ఫిర్యాదుదారుడి చూపు పక్క మనిషి మీదే ఉందని రికార్డు చేయక తప్పలేదు.

అసలు దెబ్బ నాలుగో సాక్ష్యం దగ్గర తగిలింది. 1969లో కె. బాలచందర్ తమిళంలో 'ఇరు కోడుగళ్' తీశారు. మొగుడు వదిలేసిన అమ్మాయి చదువుకుని కలెక్టరై వస్తే, అదే ఆఫీసులో ఆ మొగుడు గుమాస్తాగా ఎదురవుతాడు. ఆ కలెక్టరు జానకిగారే, సినిమాలో ఆ పాత్ర పేరు కూడా జానకే. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఉత్తమ తమిళ చిత్రం అదే. అంత మంచి కథను మనకు దక్కకుండా ఎలా వదులుతాం? 1972లో తెలుగులో తీశారు. పేరు 'కలెక్టర్ జానకి'. నటించింది జమున.

ఈ ఒక్క పేరా మేము రెండుసార్లు చదువుకున్నాం. కథ తెచ్చుకున్నారు, కలెక్టరును తెచ్చుకున్నారు, జానకి అనే పేరును తెచ్చి ఏకంగా బోర్డు మీద రాసుకున్నారు. మద్రాసులోనే ఉన్న, తెలుగు గడగడా మాట్లాడే, ఆ వేషం అప్పటికే వేసి మెప్పించిన జానకిని మాత్రం తెచ్చుకోలేదు. జమునగారు బాగా చేశారు, అది వేరే సంగతి. 'మద్రాసు మనదే' అని గొంతులు చించుకున్న జాతి, మద్రాసులో మనదైనదాన్ని గుర్తుపట్టలేకపోయిందని పటాస్కర్‌గారికి తెలిసుంటే మ్యాపు ఇంకో రకంగా గీసేవారేమో.

తమిళ పక్షం ఫైలు మందంగా ఉంది. 'పుదియ పరవై'లో శివాజీ గణేశన్ ముందు నిలబడ్డారు. బాలచందర్ తన నాటకాలనే సినిమాలుగా తీసిన 'నీర్కుమిళి', 'ఎదిర్ నీచ్చల్' రెండింట్లోనూ ఉన్నారు. మద్రాసులో సభలనే సాంస్కృతిక సంఘాల వేదికల మీద తమిళ నాటకాలాడారు. అక్కడ జనం ముందు వరసలో కూర్చుని మాట మాటకూ స్పందిస్తారట. టేకుల్లేవు, డబ్బింగ్ లేదు, మాట తడబడితే వెయ్యి చెవులకు తెలిసిపోతుంది. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి వేరే భాషలో అలా నిలబడి మెప్పించడం ఎంత కష్టమో, బస్సెక్కి వేలూరు చేరగానే నాలుక మడతపడే మాకు తెలుసు. 1970లో 'కావియ తలైవి' సొంతంగా నిర్మించి, అందులో ద్విపాత్రాభినయం చేశారు. నిర్మాత అంటే నష్టం వస్తే ఇల్లమ్మాల్సిన మనిషి. ఆ టెన్షన్ పడ్డది తమిళ సినిమా కోసమా తెలుగు సినిమా కోసమా అన్నది జాబితాలో రాష్ట్రం గడి నింపే గుమాస్తాకు తెలిసే ఉంటుంది.

అలాగని తమిళ పక్షం కూడా తక్కువ తినలేదు. పాలారు నీళ్ల మీద మన రెండు రాష్ట్రాలకూ ఇప్పటికీ పొత్తు కుదరలేదు. నడివయసు దాటిన నటికి ఏ వేషం ఇవ్వాలన్న విషయంలో మాత్రం ఏ ట్రిబ్యునలూ అక్కర్లేకుండా ఒప్పందం కుదిరింది: అమ్మ, అత్త, అమ్మమ్మ. ఆవిడ ఆ ఒప్పందాన్ని కూడా తిరగేశారు. తెలుగులో 1979లో తాయారమ్మ వేషం వేస్తే, బంగారయ్యకంటే ముందు ఆ పేరే సినిమా పేరులో నిలబడింది. 'తిల్లు ముల్లు'లో వేసింది అమ్మ వేషం కూడా కాదు, హీరో అబద్ధం నిలబెట్టడానికి అమ్మగా నటించే గొప్పింటావిడ వేషం. మా సారుకు అది గుర్తుండడంలో న్యాయముంది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం. రంగస్థలం మీద సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఊపేసిన స్థానం నరసింహారావుగారికి 1956లోనే పద్మశ్రీ వచ్చింది. మహానటుడు, సందేహం లేదు. అయితే ఆడవేషం వేసిన మగవాడికి 1956లో అందినది, 1950లో నాయికగా వచ్చిన ఆడమనిషికి 2022లో అందింది. ప్రభుత్వం ఆడతనాన్ని క్షుణ్ణంగా పరిశీలించి గానీ ఇవ్వదని దీన్నిబట్టి అర్థమవుతోంది.

బోర్డులు తగిలించడంలో మా ఊరికీ అనుభవముందని ఎవరైనా ఎత్తిపొడవచ్చు. గుంటూరు జిల్లాలో పుట్టిన నాగయ్యగారిని చిత్తూరు నాగయ్యను చేసింది మేమే. నిజమే. కానీ ఆయన ఇక్కడ నాటకాలాడుతుండగా తగిలించాం, అవార్డు వచ్చాక కాదు. ఆఖరి రోజుల్లో ఆయన చేతిలో డబ్బు లేనప్పుడు ఆ బోర్డు ఎందుకు అక్కరకు రాలేదన్నది ఈ విచారణ పరిధిలోకి రాదు.

ఇక తీర్పు. జానకిగారు 2023లో కూడా తెలుగు తెరమీద కనిపించారు, 'అన్నీ మంచి శకునములే'లో. అంటే ఆస్తి ఇంకా పనిచేస్తూనే ఉంది, పంపకం అంత తేలిక కాదు. అందుకని కాణిపాకం పద్ధతికి పోదామని నిర్ణయించాం. మా జిల్లాలో సుప్రీంకోర్టు తర్వాత కోర్టు అదే. జానకి మాదంటే మాదనేవాళ్లందరూ కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి ఒక్క ప్రమాణం చేయాలి: 'ఈ జన్మలో ఒక నటి నాటకం చూడడానికి నా జేబులోంచి డబ్బు తీసి టికెట్ కొన్నాను' అని. ఎక్కువమంది ఏ పక్షంలో తేలితే జానకిగారు ఆ రాష్ట్రానికి.

నోటీసు బెల్లం మండీ దగ్గర అంటించాం. మొదట వచ్చింది మా సారే. కండువా భుజాన వేసుకుని, నోటీసు మొత్తం పైకే చదివి, గొంతు తగ్గించి అడిగినాడు: "పాసు మీద చూసుంటే చెల్లుతుందా, నాయనా?"