సవరణ: పర్లాకిమిడి పాత ఇటుక గోడలకు సిమెంటు వద్దు

పట్టణ సుందరీకరణలో ఒడిశాలోని పర్లాకిమిడి లైట్ రైల్వే (పాత చిన్న రైలు మార్గం) నాటి ఇటుక కట్టడాల మరమ్మతుపై ఇంతకుముందు పెట్టిన పోస్టులో, ఇటుకల మధ్య సందులను 1:4 సిమెంటుతో (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక) నింపమని ఉంది. దయచేసి అలా చేయకండి. సిమెంటు బిగిస్తే గోడలోని తేమకు సందుల్లోంచి దారి ఉండదు, మెత్తటి పాత ఇటుకలోంచే బయటికొస్తుంది. దాంతో వచ్చిన ఉప్పు అక్కడే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడదీస్తుంది. చివరికి సిమెంటు గీతలు నిలబడి, ఇటుకలు గుంటలు పడతాయి.

గానుగ సున్నమే వాడండి: సున్నం 1, సుర్కి (ఇటుక పొడి) 1, ఇసుక 2 పాళ్లు. సందుల్లోని పాతది ఉలితో 25 మి.మీ. లోతున గీకాలి. గ్రైండరు పెడితే ఇటుక అంచులు పోతాయి, అవి మళ్లీ రావు. గోడ తడిపి నింపాక కనీసం వారం తడి గోనెలు కప్పాలి.

ఇంకొకటి. 1900లో మొదలైన ఆ లైను అప్పట్లో మీటరుగేజి కాదు, పట్టాల మధ్య 762 మి.మీ. దూరమున్న నేరోగేజి. ప్రదర్శనకు పాత స్లీపర్లు, చక్రాలు సేకరించేవాళ్లు కొలత సరిచూసుకోండి.