రియోలో నాలుగు క్లబ్బులు, ఒక్క జోయెల్

2000 డిసెంబర్ 20, సావో పాలో. దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ క్లబ్బులు ఆడే మెర్కోసూర్ కప్ ఫైనల్ మూడో మ్యాచ్‌లో సగం ఆట అయ్యేసరికి, సొంత మైదానంలో ఆడుతున్న పాల్మీరాస్ 3-0తో ముందుంది. అవతల రియో క్లబ్ వాస్కో కోచ్ జోయెల్ సంతానా ఆ కుర్చీలో కూర్చుని కొద్ది రోజులే అయింది. పాత కోచ్ ఓస్వాల్డో డి ఒలివేరాను క్లబ్ పెద్దలు సరిగ్గా ఆ సమయంలోనే సాగనంపారు. రెండో సగానికి జోయెల్ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ నాసాను తీసి ఫార్వర్డ్ వియోలాను దింపాడు. జూనియర్ బయానో రెడ్ కార్డుతో బయటికెళ్లాక పదిమందే మిగిలారు. అయినా రొమారియో హ్యాట్రిక్‌తో వాస్కో 4-3తో గెలిచింది. గెలుపు గోల్ పడింది ఇంజ్యూరీ టైమ్‌లో.

జోయెల్ 1948 క్రిస్మస్ రోజున పుట్టాడు. ఒకప్పుడు అదే వాస్కోలో డిఫెండర్. ఆటగాడిగా పెద్ద పేరేమీ రాలేదు. కోచ్‌గా మారిన క్లబ్బులు మాత్రం లెక్కపెట్టాలంటే వేళ్లు చాలవు. అందుకే ఎక్కే గుమ్మం దిగే గుమ్మం బాపతు అని అతన్ని తీసిపారేసేవాళ్లు చాలామంది. నాకు ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది. ప్రతి గుమ్మం దగ్గరా తలుపు తీసి, మళ్లీ వేసిన చేతులు కూడా ఉన్నాయి కదా!

రియో రాష్ట్ర ఛాంపియన్‌షిప్ చూడండి. 1992లో వాస్కోతో గెలిచాడు. 1995లో ఫ్లూమినెన్సే, 1996లో ఫ్లమెంగో, 1997లో బొటాఫోగో. వరసగా మూడేళ్లు, మూడు క్లబ్బులు, మూడు కప్పులు. ఊళ్లోని నాలుగు పెద్ద క్లబ్బులనూ గెలిపించిన కోచ్ ఇతనే. పని మారినప్పుడల్లా ఇల్లు మారాల్సిన అవసరం కూడా లేదు. మరకానా స్టేడియం అక్కడే ఉంటుంది, బెంచి మాత్రం మారుతుంది.

బ్రెజిల్‌లో పెద్ద క్లబ్బులకు చాలాకాలం సభ్యులు ఓట్లేసి ఎన్నుకున్న అధ్యక్షులే యజమానుల్లా ఉండేవాళ్లు. వరసగా మూడు మ్యాచ్‌లు పోతే స్టాండ్స్‌లో గోల మొదలవుతుంది. జట్టు మొత్తాన్ని మార్చలేరు, కోచ్‌ను మార్చడానికి ఒక్క ఫోన్ చాలు. ఏడాది మొదట్లో కొద్ది నెలల్లో ముగిసిపోయే రాష్ట్ర టోర్నీ గెలిస్తే అధ్యక్షుడికి ఊపిరాడుతుంది. అలాంటి చోట మూడేళ్ల ప్లాన్ చెప్పేవాడి కన్నా పది వారాల్లో ఫలితం చూపించేవాడికే గిరాకీ. 2021లో జాతీయ లీగ్‌లో ఒక సీజన్‌కు ఒక్క కోచ్‌ను మించి తీసేయకూడదని రూల్ పెట్టారు. క్లబ్బులు ఊరుకుంటాయా? 'పరస్పర అంగీకారంతో విడిపోయాం' అని చెప్పడం నేర్చుకున్నాయి. మరుసటి ఏడాదికే ఆ రూల్ పోయింది.

జోయెల్ విద్య ఈ మార్కెట్‌కు అతికినట్టు సరిపోయింది. చేతిలో ఎప్పుడూ క్లిప్‌బోర్డు, ముఖాన నవ్వు. కొత్త సిద్ధాంతాలేమీ లేవు. డిఫెండర్ బుర్ర కాబట్టి ముందు వెనక తలుపు గడియ పెట్టడం, తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో తలలు వేలాడేసినవాళ్లను లేపడం. 2007లో జాతీయ లీగ్ పాయింట్ల పట్టిక అడుగు భాగంలో ఉన్న ఫ్లమెంగోను చేతిలోకి తీసుకుని, సీజన్ ముగిసేసరికి మూడో స్థానంలో నిలబెట్టాడు.

దక్షిణాఫ్రికా జాతీయ జట్టు కోచ్‌గా ఇదే విద్య సగం దూరం పనిచేసింది. 2009 కాన్ఫెడరేషన్స్ కప్ సెమీస్‌లో బ్రెజిల్‌ను 88వ నిమిషం దాకా గోల్ కొట్టనివ్వలేదు. డాని అల్వెస్ ఫ్రీకిక్ లేకపోతే ఎక్స్‌ట్రా టైమే. కానీ ప్రపంచకప్ ఆడే జట్టును కట్టాలంటే కావాల్సింది ఓపిగ్గా పునాది వేసేవాడు, మంటలార్పేవాడు కాదు. ఆ తర్వాత వరస ఓటములు, అక్టోబర్‌లో ఇంటిదారి. బ్రెజిల్ జనానికి అక్కడి నుంచి మిగిలింది మైకు ముందు తడబడిన అతని ఇంగ్లిష్. నవ్వుకున్నారు, వీడియోలు పంచుకున్నారు. అతను చిన్నబుచ్చుకోకుండా అదే ఇంగ్లిష్‌తో షాంపూ, కూల్‌డ్రింక్ ప్రకటనల్లో నటించి డబ్బు చేసుకున్నాడు. ఈ తెలివి టాక్టిక్స్ పుస్తకాల్లో దొరకదు.

2010 జనవరిలో బొటాఫోగో 0-6తో వాస్కో చేతిలో చిత్తయింది. వెంటనే జోయెల్‌కు కబురు. అంతకు రెండేళ్ల ముందు ఇదే బొటాఫోగోను ఫ్లమెంగో కోచ్‌గా ఫైనల్లో ఓడించింది అతనే! ఏప్రిల్‌లో ఫ్లమెంగోతో తేలాల్సిన మ్యాచ్. పెనాల్టీ తీసుకున్న లోకో అబ్రేయు బంతిని గట్టిగా కొట్టకుండా, గోల్‌కీపర్ పక్కకు దూకాక మధ్యలోకి మెల్లగా ఎగరేశాడు. 2-1. రియో రాష్ట్ర కప్పు బొటాఫోగోది. మరుసటి మార్చికల్లా జోయెల్ అక్కడా లేడు. జూన్‌లో వేరే ఊరి క్లబ్ క్రుజేరో పిలిచింది.