దొనకొండ ఏరోడ్రోమ్ గురించి ఒక మాట

మా దొనకొండ పాత విమానాశ్రయం ఫొటోలు, కాగితాలు పోగేస్తున్న రిటైర్డ్ మాస్టారి గురించి మీరు వ్యాసం రాసినందుకు సంతోషం. మాస్టారికి నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం నాడు బ్రిటిష్ వాళ్లు వేసిన రన్‌వే అది. మా తాతయ్య దాన్ని 'ఏరోడ్రం' అనే అనేవాడు, చివరిదాకా నోరు తిరగలేదు. నేను సైకిల్ నేర్చుకుంది అక్కడే. పగుళ్లలో మొలిచిన తుమ్మముళ్లు గుచ్చుకుని రోజూ పంక్చరే!

ఒక్కటి మాత్రం వ్యాసంలో వెలితిగా అనిపించింది. దొనకొండ అంటే విమానాల కన్నా ముందు రైలు. ఒకప్పటి గుంటూరు-గుంతకల్లు మీటర్ గేజ్ లైన్లో లోకో షెడ్ (రైలింజన్లు నిలిపి బాగుచేసే చోటు) ఉండిన ఊరు. రైల్వే సంగతి వదిలేసి ఏరోడ్రోమ్ కథ చెబితే సగమే చెప్పినట్టు. 2014లో ఆంధ్రప్రదేశ్ రాజధాని ఇక్కడే అని ప్రచారం జరిగినప్పుడు ఎకరాల రేట్లు చెప్పినవాళ్లే గానీ ఈ చరిత్ర అడిగినవాళ్లు లేరు.

మాస్టారూ, కాగితాలు ఎక్కడికీ పోవు. 1944లో పదేళ్ల పిల్లలకి ఇప్పుడు తొంభై దాటాయి. ముందు వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేయండి. మా వీధిలో ఒక అవ్వ ఉంది, సంక్రాంతికి వస్తే నేనే తీసుకెళ్తాను. కాస్త గట్టిగా మాట్లాడాలి, చెవులు వినపడవు.